ఎవరి కోటూ వెతకని గది

పోయిన వారం భాగం చివర మీరు నన్ను కోట్ల కొక్కేల దగ్గర వదిలి వెళ్ళారు. క్లీవ్‌లాండ్ పడమటి వైపు, మా చర్చి కింది గదిలో, మంగళవారం కూడిక ఇంకా మొదలు కాలేదు. రోండా తన కోటు విప్పి కొక్కేనికి తగిలించి కాఫీ కోసం వెళ్ళింది. ఐదు వారాలుగా మగవాళ్ళ నీలం వానకోటులో వస్తున్న మనిషి ఆ రోజు ఆకుపచ్చ ఉన్నికోటులో వచ్చింది. ఆ కోటుకి మూడో గుండీ మిగతావాటిలా నల్లది కాదు, గోధుమరంగు తోలుది. చనిపోయిన మా ఆయన స్టీవ్ స్వెట్టరు నుంచి కోసి దాన్ని నా చేత్తో నేనే కుట్టాను. కుట్టింది నా కూతురు కోరిన్ కోటుకి. కోరిన్ ఇల్లు వదిలి అప్పటికి పద్నాలుగు నెలలు.

ఎవరూ చూడడం లేదనుకున్నాను. ఎడమ జేబులో చెయ్యి పెట్టాను.

రబ్బరు బ్యాండు చుట్టిన చక్కెర పొట్లాలు కొన్ని, పళ్ళు విరిగిన దువ్వెన, వాడేసిన బస్సు టికెట్లు రెండు. కుడి జేబులో మడతపెట్టిన మేజోళ్ళు, పెదాలకి రాసుకునే మైనం, సగం అరిగినది. కోరిన్‌ది అనేది ఒక్కటీ లేదు. ఇంకొకరైతే ఏమీ లేదు కదా అని ఊపిరి పీల్చుకునేవారేమో. నేను అనుకున్నది ఒకటే. చచ్చిపోయినవాళ్ళ జేబులే ఇంత శుభ్రంగా ఖాళీ చేస్తారని.

"ఆర్లీనూ, చెయ్యి బయటికి తియ్యి."

వెనక ఒడెస్సా. చేతిలో రొట్టెల పళ్ళెం. ఒడెస్సాకి అరవై ఆరేళ్ళు, ఒకప్పుడు తొమ్మిదేళ్ళు వీధిలో ఉండి బయటపడిన మనిషి. ఆమె గొంతు పెంచదు. పెంచకపోవడమే భయం.

"ఇది నా కూతురి కోటు," అన్నాను.

"కావచ్చు. లోపల ఉన్నవి నీ కూతురివి కావు. తీసినవి తీసినట్టు పెట్టు."

పెట్టాను. పెట్టాననే అనుకున్నాను.

ఆ గదిలో గోడమీద అట్టముక్క ఒకటి ఉంటుంది. కూడిక నడిపే సిస్టర్ లియోనా నల్ల సిరాతో రాసింది. అడగొద్దు. దిద్దొద్దు. వెతకొద్దు. మూడో మాట ఎందుకో మాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. మా దగ్గరికి వచ్చే ఇల్లులేని ఆడవాళ్ళు రాత్రిళ్ళు పడుకునే షెల్టర్‌లో రోజూ సాయంత్రం ఐదింటికి గుమ్మం దగ్గర స్టీలు బల్లమీద సంచులు బోర్లిస్తారు. చేతితొడుగులు వేసుకున్నవాళ్ళు లోదుస్తుల దగ్గర్నించి అన్నీ పైకెత్తి చూస్తారు. వాళ్ళ కారణాలు వాళ్ళకుంటాయి, నేను తప్పు పట్టను. కానీ ఈ ఊళ్ళో వాళ్ళ సంచీని, కోటుని ఎవరూ ముట్టుకోని చోటంటూ ఒక్కటే, మా గది. అలాంటి గదిలో నేను ఒకమ్మాయి కోటు వెతికాను. దొంగతనం చేసినా సిస్టర్ అంత బాధపడదు.

నేను అక్కడ తోడుని. తోడంటే పెద్ద పదవి కాదు. సోమవారం సాయంత్రం క్యాబేజీ సూపు కాచి, మంగళవారం పొద్దున్నే బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చి, వచ్చినవాళ్ళ పక్కన కూర్చోవడం. సిస్టర్ సువార్తలో ఒక కథ చదువుతుంది. ఎవరికి మాట్లాడాలనిపిస్తే వాళ్ళు మాట్లాడతారు. వాళ్ళది అయిపోగానే బల్లమీద ఉన్న ఇసుక గడియారం తిప్పుతాం. గుడ్లు ఉడకబెట్టడానికి వాడేది, మా ఇంటి నుంచి నేను తెచ్చిందే. మూడు నిమిషాలు ఎవరూ నోరు విప్పకూడదు. ఇసుక అయిపోయాక పక్కనున్న తోడు ఒక్క మాట అంటుంది. "విన్నాను." అంతే. అయ్యో పాపం అనకూడదు, ఇలా చెయ్యి అలా చెయ్యి అనకూడదు, నాకూ అలాగే అయింది అనకూడదు. పదో తరగతిలో బడి మానేసినదాన్ని నేను. ఈ ఒక్క మాట నేర్చుకోవడానికి నాకు వారాలు పట్టాయి. చదువు రాక కాదు, నోరు ఆగక.

అసలు నేను ఆ గదికి వచ్చిందే కోరిన్ ఫోటో పట్టుకుని. రోజూ షెల్టర్ ముందు నిలబడి ఈ పిల్లని చూశారా అని అడిగేదాన్ని. సిస్టర్ ఒకరోజు నా చెయ్యి పట్టుకుని, "ఫోటో ఇంట్లో పెట్టు. సూపు తీసుకురా. కూర్చో," అంది. ఫోటో ఇంట్లో పెట్టాను. పళ్ళ ఎక్స్‌రే మాత్రం చేతిసంచీలోనే ఉంచుకున్నాను. కోరిన్ పద్దెనిమిదో ఏట తీయించినది. ఎక్కడైనా గుర్తుపట్టలేని స్థితిలో దొరికితే పళ్ళు చూస్తారని టీవీలో విన్నాను. బీరువాలో నల్లగౌను ఇస్త్రీ చేసే ఉంటుంది. వేళకాని వేళ ఫోను మోగితే అది తీసే లోపల నేను ఒక అంత్యక్రియ పూర్తి చేస్తాను. నా తీరు అది. స్టీవ్ ఉన్నప్పుడు అనేవాడు, నువ్వు ఇంకా రాని చావులకి కూడా వంట చేస్తావని.

పదిన్నరకి కూర్చున్నాం. ఆ రోజు ఏడుగురం. రోండా కాఫీ తెచ్చుకుని కూర్చునేముందు కొక్కెం దగ్గరికి వెళ్ళింది. చక్కెర కోసం. ఎడమ జేబులో చెయ్యి పెట్టింది. అలాగే ఆగింది. తర్వాత కుడి జేబులో పెట్టింది. పొట్లాలు అందులోంచి వచ్చాయి.

నేను ఎడమవి కుడిలో పెట్టాను. కంగారులో. ఇల్లున్నవాళ్ళం చేసే తప్పు అది. మనకి సొరుగులున్నాయి, ఏది ఎక్కడున్నా వెతుక్కుంటాం. కోటే ఇల్లైనవాళ్ళకి ఎడమ జేబు ఎడమ జేబే.

రోండా పొట్లాలు లెక్కపెట్టలేదు. రబ్బరు బ్యాండు తీసింది, రెండు కాఫీలో కలుపుకుంది, మళ్ళీ చుట్టింది. వచ్చి నా పక్కన కూర్చుంది. ఐదు వారాలుగా ఆమెకి తోడుని నేనే. ఐదు వారాల్లో ఆమె కూడికలో ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె వంతు వచ్చినప్పుడు తల అడ్డంగా ఊపేది. నన్ను మాత్రం సూపమ్మా అని పిలిచేది. "సూపమ్మా, ఈవేళ ఉప్పు తక్కువ." అంతే మా పరిచయం.

సిస్టర్ అద్దాలు పెట్టుకుంది. "తపస్సుకాలం మూడో వారం. ఇవాళ్టికి రాసిపెట్టింది అంజూరపు చెట్టు కథ."

"సిస్టర్," అంది రోండా.

అందరం ఆమెవైపు తిరిగాం. ఆ గొంతు ఆ బల్ల దగ్గర వినడం అదే మొదలు.

"ఆ చెట్టు వచ్చే వారం చదవండి. ఇవాళ ఇంకోటి చదువుతారా? ఒకావిడ గుంపులో వెనకనుంచి వచ్చి, అడక్కుండా ఆయన బట్ట ముట్టుకుంటుందే. అది."

అది నన్నే అన్నదని నాకు తెలిసింది. సిస్టర్‌కి ఏమీ తెలియదు, ఐదు వారాల మూగమ్మాయి కథ అడిగిందని ముఖం వెలిగిపోయింది. పేజీలు తిప్పి చదివింది. పన్నెండేళ్ళు రక్తం పోతున్న ఆవిడ, వైద్యుల చుట్టూ తిరిగి ఉన్నదంతా పోగొట్టుకున్నది, గుంపులో దూరి ప్రభువు బట్ట అంచు ముట్టుకుంది. ఆయన ఆగిపోయాడు. నన్ను ఎవరు ముట్టుకున్నారన్నాడు. ఇంతమంది తోసుకుంటుంటే ఎవరని చెప్పమంటారని పక్కనున్నవాళ్ళు విసుక్కున్నారు. ఆయన కదలలేదు. చివరికి ఆవిడే వణుకుతూ వచ్చి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"ఆయన తెలిసే అడిగాడంటారా సిస్టర్, తెలియక అడిగాడంటారా?" అంది రోండా.

"యాభై ఏళ్ళుగా చదువుతున్నాను. నాకింకా తేల్లేదు."

"తెలిసే అడిగాడు. జేబున్న ప్రతివాడికీ తెలుస్తుంది."

ఒడెస్సా దగ్గింది. పళ్ళెంలో రొట్టెలు సర్దడం మొదలుపెట్టింది, అవి సర్దే ఉన్నా.

మాట్లాడేవాళ్ళెవరని సిస్టర్ అడగలేదు, ఎప్పుడూ అడగదు. ఎదురుచూస్తుంది. నేను బల్లమీద గీతలు చూస్తూ కూర్చున్నాను. ఊరుకుంటే ఊరుకోవచ్చు. ఒడెస్సా బయటపెట్టదు, రోండా నిరూపించలేదు. కూడిక అయ్యాక మెల్లగా బతిమాలి, ఓ డజను రొట్టెలు కట్టిచ్చి, ఆ కోటు ఎక్కడిదే తల్లీ అని అడగొచ్చు. నా కూతురు బతికుందో లేదో తెలుసుకునే దారి నా పక్క కుర్చీలోనే ఉంది. ఇప్పుడు నోరు తెరిస్తే ఆ అమ్మాయి లేచి, కోటు తీసుకుని, మెట్లెక్కి పోతుంది. మళ్ళీ రాదు. ఇంతకంటే చిన్న విషయాలకే వెళ్ళిపోయినవాళ్ళని చూశాను.

కానీ ఆ కథలో ఆవిడ చెప్పేసింది. బల్లమీది చెంచా పక్కకి జరిపాను.

"నేనే," అన్నాను. "నీ కోటు వెతికింది నేను, రోండా. రెండు జేబులూ. నువ్వు కాఫీకి వెళ్ళినప్పుడు."

రోండా కాఫీ కప్పు బల్లమీద పెట్టింది.

"ఆ మూడో గుండీ నేను కుట్టినది. అది నా కూతురు కోటు. ఎక్కడిదని నిన్నడిగే ధైర్యం లేక వెతికాను. అడగొద్దన్నారు కదా, అందుకని వెతికాననుకున్నాను. అది కూడా అబద్ధం. అడిగితే నువ్వు జవాబు చెబుతావు, ఆ జవాబు వినలేక వెతికాను."

ఇంకా ఏదో చెయ్యాలనిపించింది. మాట చాలదనిపించింది. చేతిసంచీ తీసుకుని, షెల్టర్‌లో చేసినట్టే, బల్లమీద బోర్లించాను. అద్దాలు, జపమాల, దగ్గు బిళ్ళలు, బస్సు పాసు, సూదీదారం, రెండు రకాల రక్తపోటు మాత్రలు. చివర్న గోధుమరంగు కవరు.

"చూడు. నీది నేను చూశాను. నాది నువ్వు చూడు."

రోండా మిగతావి ముట్టుకోలేదు. కవరు విప్పింది. లోపలి ఫిల్ము ట్యూబులైటుకి ఎత్తి పట్టుకుంది. తెల్లటి పళ్ళ వరస.

"ఎవరి పళ్ళు?" అంది, బల్ల చివర కూర్చున్న ఒకామె. రెండో మాట నోటికి రాకముందే పక్కామె ఆమె మోచెయ్యి పొడిచింది.

"కోరిన్‌వి," అన్నాను. "ఎక్కడైనా దొరికితే పోల్చుకోవడానికి."

సిస్టర్ లియోనా చెయ్యి చాచి ఇసుక గడియారం తిప్పింది.

ఆ మూడు నిమిషాలూ నాకు తెలిసిన చావులన్నీ చూశాను. సరస్సు గడ్డకట్టిన అంచున. పాడుబడిన ఇంటి మరుగుదొడ్డిలో, చేతిలో సూదితో. వంతెన కింద, కోటు లేకుండా. ఇసుక చివరి గింజ పడింది. తోడు మాట అనాల్సింది ఎవరు? నాకు తోడెవరూ లేరు, నేనే తోడుని.

రోండా గడియారం తీసుకుంది. మళ్ళీ తిప్పింది.

 మా కూడికలో అలా రెండోసారి తిప్పడం నేను చూడలేదు. ఆ రెండో మూడు నిమిషాల్లో నాకు చూడడానికి చావులు మిగల్లేదు. కోటువైపు చూస్తూ కూర్చున్నాను. గుండీకి వేసిన దారం ఇంకా గట్టిగానే ఉంది.

ఇసుక అయిపోయింది.

"విన్నాను," అంది రోండా.

ఏడాదిగా నేను ఎంతమందికో చెప్పిన మాట. నాకు ఎవరూ చెప్పలేదు. అది ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఏడుపు రాలేదు. ఆకలేసింది, అంతే. పొద్దుట్నుంచి ఏమీ తినలేదని గుర్తొచ్చింది.

రోండా ఫిల్ము జాగ్రత్తగా కవర్లో పెట్టింది. "సూపమ్మా, ఆమె బతికే ఉంది. పై పన్ను ఒకటి పోయింది. కాబట్టి ఈ ఫోటో ఎలాగూ పనికిరాదు."

ఒడెస్సా పళ్ళెం బల్లమీద గట్టిగానే పెట్టింది. "దేవుడా, ముందు ఆ ముక్క చెప్పొచ్చు కదే పిల్లా. ముసలిదాని ప్రాణం ఆరు నిమిషాలు పిండావు."

"చెప్పకూడదు. ఆమె పెట్టిన షరతు." రోండా నావైపు తిరిగింది. "నీ క్యాబేజీ సూపు గురించి చెబితే అది మా అమ్మే అంది. మేం కోట్లు మార్చుకున్నాం. ఆమే ఇచ్చింది. వేసుకుని వెళ్ళు, కొక్కేనికి తగిలించు, మా అమ్మ ఏం చేస్తుందో చూడమంది. వెతుకుతుంది అని కూడా చెప్పింది. పన్నెండో ఏటి నుంచి నా సొరుగులు వెతికేది, నా డైరీ చదివేది, చదివి ఏమీ ఎరగనట్టు అన్నం పెట్టేది అంది."

నేను తల ఊపాను. అది నిజం.

"వెతికితే వెతకనీ, పట్టించుకోకు అంది. వెతికి ఊరుకుంటే కాఫీ తాగి వచ్చెయ్యి, ఏమీ చెప్పొద్దు. వెతికానని తన నోటితో తాను చెప్పిందంటే మాత్రం తీసుకురా అంది. చెప్పదులే అని కూడా అంది. ముప్పై ఏళ్ళలో ఒక్కసారీ చెప్పలేదట."

సిస్టర్ అద్దాలు తీసి తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది.

"ఎక్కడికి తీసుకురమ్మంది?" అని అడిగేశాను. అట్టమీది మొదటి మాట గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాను.

"ఇదే," అంది రోండా. "ఇలా అడిగేట్టయితే వద్దంది. అమ్మగా వస్తే వద్దు, మంగళవారం మనిషిగా వస్తే రమ్మంది. అడక్కూడదు. దిద్దకూడదు. వెతక్కూడదు. ఆ ఇసుక తెచ్చుకో. ఆమె ఒకటి చెప్పాలనుకుంటోంది. అది నాకూ చెప్పలేదు."

"ఎప్పుడు?"

"అదుగో, మళ్ళీ."

నోరు మూసుకున్నాను. ఒడెస్సా నవ్వింది. "ఈవిడ నోటికి ఆ మూడో గుండీ కుట్టాల్సింది."

సామానంతా సంచీలో వేసుకుంటుంటే ఒడెస్సా ఎక్స్‌రే కవరు నా చేతిలోంచి లాగేసుకుంది. "బతికున్నదాని దగ్గరికి ఇదెందుకు? ఇక్కడుంటుంది." సిస్టర్ ఇసుక గడియారాన్ని చేతిగుడ్డలో చుట్టి ఇచ్చింది. "ఇది గుడ్డుకి చాలు, మనిషికి చాలదు," అంది. "చాలకపోతే మళ్ళీ తిప్పు. ఎన్నిసార్లైనా తిప్పు. మేం ఇక్కడే కూర్చుని ప్రార్థన చేస్తుంటాం. సూపు మేం వడ్డించుకుంటాం."

"ఉప్పు చూసుకోండి," అన్నాను.

రోండా ఆకుపచ్చ కోటు వేసుకుంది. మూడో గుండీ పెట్టుకోలేదు. నేను చూస్తున్నానని, వదిలేసింది. మెట్లెక్కి లొరెయిన్ వీధిలోకి వచ్చాం. మంచు కరిగి మురికిగా ఉంది. రోండా గబగబా నడుస్తుంది, నాకు మోకాళ్ళు సహకరించవు. మూడు వీధులు దాటేసరికి నేను చావులు మానేసి స్టీవ్ గురించి ఆలోచిస్తున్నానని గమనించాను. నాలుగేళ్ళ క్రితం అక్టోబరు, గురువారం. నేను స్కూలు వంటశాలలో పని ముగించి మూడున్నరకి ఇంటికి వచ్చేసరికి ఆయన వంటింటి నేలమీద ఉన్నాడు. ఒక చెయ్యి కుర్చీ కాలుమీద. అంబులెన్సులో వచ్చినతను మంచివాడే, ఊరికే నోరు జారాడు. ఎవరైనా ఇంట్లో ఉండి ఒక అరగంట ముందు ఫోను చేసి ఉంటే, అన్నాడు. ఆ వాక్యం నాలో ఉండిపోయింది. నేను దాన్ని నాలో ఉంచుకోలేదు. అంత్యక్రియలప్పుడు అన్నాను, క్రిస్మస్ బల్ల దగ్గర అన్నాను, గిన్నెలు తోముతూ అన్నాను. ఎవరైనా ఇంట్లో ఉండి ఉంటే. కోరిన్ ఆ రోజు పనికి వెళ్ళింది, టైర్ల దుకాణంలో కౌంటరు మీద. కాబట్టి అది ఆమెని అన్నట్టు కాదని నేననుకున్నాను. కోరిన్ మాత్రం ప్రతిసారీ లేచి వెళ్ళిపోయేది. నడుంనొప్పికని మొదలైన మాత్రలు ఆ చలికాలంలోనే ఎక్కువయ్యాయి. తండ్రి మీద బెంగ అనుకున్నాను.

రోండా ఆగింది. నాణేలు వేసి బట్టలుతుక్కునే లాండ్రీ ముందు. అద్దాలకి ఆవిరి పట్టి ఉంది.

"వెనక వరస," అంది. "నేనిక్కడే ఉంటాను. ఎవరూ రాకుండా చూస్తాను. సూపమ్మా, ఏడ్చినా పర్వాలేదు. మాట్లాడకు."

లోపల వేడిగా ఉంది, సబ్బు వాసన. ఇద్దరు ముసలివాళ్ళు తిరుగుతున్న బట్టల్ని టీవీ చూసినట్టు చూస్తున్నారు. వెనక వరసలో బట్టలారబెట్టే పెద్ద మిషన్ల పక్కన, మడతలు పెట్టుకునే బల్ల దగ్గర, మగవాళ్ళ నీలం వానకోటులో ఒకామె తువ్వాళ్ళు మడుస్తోంది. మూడు మడతలు, అంచు లోపలికి. అలా మడవడం నేను నేర్పాను.

చూసింది. మడవడం ఆపలేదు.

జుట్టు పొట్టిగా కత్తిరించి ఉంది. మెడ సన్నబడింది. మణికట్టు మీద మచ్చ, అది ఏమిటో. పెదవి చివర పుండు. తిన్నదా? ఎక్కడ పడుకుంటోంది? ఈ తువ్వాళ్ళు ఎవరివి? ఆ పన్ను ఎవరు కొట్టారు, లేక ఊడిందా? ఎప్పటి నుంచి మాత్రలు మానేసింది, అసలు మానేసిందా? ప్రశ్నలన్నీ గొంతుదాకా వచ్చి ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. చేతిగుడ్డ విప్పి ఇసుక గడియారం బల్లమీద మా ఇద్దరి మధ్య పెట్టాను.

"నేను ఏమీ అడగను," అన్నాను.

"అది కూడా మాటేనమ్మా."

నవ్వలేదు, కానీ నవ్వబోయింది. పన్ను లేని చోటు కనిపించింది. కూర్చున్నాను.

ఆమె ఇంకో తువ్వాలు తీసింది. మడిచింది. ఇంకోటి తీసింది. "మన వంటింటిదేగా ఇది," అంది గడియారం చూసి. "నాన్నకి గుడ్డు మెత్తగా ఉండాలి. నువ్వు ప్రతిసారీ మాడ్చేదానివి."

మాడ్చేదాన్ని కాదు, గట్టిగా ఉడికించేదాన్ని, మెత్తటి గుడ్డు తింటే జబ్బు చేస్తుందని. చెప్పబోయాను. దిద్దొద్దు. మింగేశాను. అది గొంతులోంచి దిగడం ఆమె చూసిందనుకుంటాను. చేతిలో తువ్వాలు పక్కన పెట్టింది. మొదటిసారి తిన్నగా నావైపు చూసింది.

"వెతికానని చెప్పావట."

తల ఊపాను.

"నేనైతే చెప్పవనుకున్నాను. చెప్పవనే పందెం కాశాను. అప్పుడు నేను కూడా చెప్పక్కర్లేదు కదా అని." వానకోటు జిప్పు కిందికి లాగింది, పైకి లాగింది. "నువ్వు చెప్పేశావు. ఇక నా వంతు."

మిషన్ ఒకటి తిరగడం ఆగింది. లోపలి బట్టలు కిందికి జారాయి. ఎవరూ లేచి వెళ్ళలేదు.

"నాన్న పోయిన రోజు నేను పనికి వెళ్ళలేదమ్మా. వెళ్తున్నట్టు బయల్దేరి, నువ్వు స్కూలుకి వెళ్ళాక వెనక్కి వచ్చేశాను. మేడమీద నా గదిలోనే ఉన్నాను. మాత్రలు వేసుకుని ఉన్నాను. ఆయన కింద నుంచి పిలిచాడు. రెండుసార్లు పిలిచాడు. నాకు వినిపించింది."

చెయ్యి చాచి ఇసుక గడియారం తిప్పింది.

ఇసుక పడడం మొదలైంది. బల్ల అంచు రెండు చేతులతో పట్టుకున్నాను. మూడు నిమిషాల తర్వాత నేను అనాల్సింది ఒక్కటే మాట. ఆ మాట నాకు తెలుసు, ఏడాదిగా అంటున్నదే. కానీ ఇప్పుడు నా నోట్లో ఉన్నది అది కాదు, ఎవరైనా ఇంట్లో ఉండి ఉంటే అన్నది.